రాత్రంతా కరెంటు లేక పొద్దునకి చేపలు పైకొస్తే: ఉప్పునీటి ట్యాంకులో ముందేది, తర్వాతేది

మీరు చెప్పినదాని ప్రకారం పరిస్థితి ఇదీ. విజయవాడలో నాలుగడుగుల ట్యాంకు, రాళ్లూ ఇసుకా పోను దాదాపు 200 లీటర్ల నీరు. రెండు క్లౌన్‌ఫిష్, ఒక బ్లూ టాంగ్ చేప, రెండు క్లీనర్ రొయ్యలు, ఒక అనెమోని (రాయిని పట్టుకుని ఉండే మెత్తటి సముద్ర జీవి), నాలుగైదు మెత్తటి కోరల్స్ (పగడపు జీవులు). గాలివానకి రాత్రి పదకొండింటికి పోయిన కరెంటు పొద్దున ఆరింటికి గానీ రాలేదు. లేచి చూస్తే టాంగ్ పైకొచ్చి గుటకలు వేస్తోంది, నీరు పలచటి మజ్జిగలా తెల్లబారింది, కింద సంప్ (ట్యాంకు నీరు దిగి మళ్లీ పైకి వెళ్లే చిన్న తొట్టి) పొంగి నేలంతా తడి. ఉష్ణోగ్రత 31.5, అమ్మోనియా 0.5, పీహెచ్ 7.8. నీళ్లన్నీ మార్చేయాలా, పీహెచ్ పెంచే బఫర్ వేయాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. ముందు గాలి, ఆ తర్వాత వేడి, ఆ తర్వాత అమ్మోనియా, ఆ తర్వాత ఉప్పు. పీహెచ్ జోలికి ఇవాళ అసలు పోవద్దు. ఎందుకో కింద చెప్తాను.

ఉప్పునీటికి ఆక్సిజన్ పట్టుకునే శక్తే తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాలు ఉప్పు) ఉప్పునీటిలో అదే 6.7. నీరు 30 డిగ్రీలకి వేడెక్కితే 6.2కి దిగుతుంది. ఇది నీరు బాగా కదులుతూ నిండుగా గాలి పట్టినప్పటి లెక్క. పంపులు ఆగాక పైపొర మాత్రమే గాలి తీసుకుంటుంది, అడుగుకి అందదు. పైగా రాత్రి లైటు ఉండదు కాబట్టి కోరల్స్, నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వకపోగా తామే వాడుకుంటాయి. రాళ్లలోని బ్యాక్టీరియాదీ అదే పని. నీరు వేడెక్కేకొద్దీ చేపకి కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. ఎప్పుడూ ఈదుతూ ఉండే టాంగ్ అందరికంటే ముందు పైకి రావడం అందుకే. క్లౌన్లు ఇంకా కొంతసేపు ఓర్చుకుంటాయి.

కరెంటు వచ్చింది కాబట్టి ఇప్పుడే వేవ్‌మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) మూతిని పైకి తిప్పండి. నీటి ఉపరితలం ఎసరు మరిగినట్టు కదలాలి. చిన్నగా అలలు వస్తే చాలదు. పైన మూత ఉంటే తీసేయండి. స్కిమ్మర్ (బుడగల నురగతో మురికి తీసే పరికరం) నడపండి, అది మురికి తీసేది తర్వాత సంగతి, ముందు నీటిలోకి గాలి బాగా లాగుతుంది. ఎయిర్ పంపు ఉంటే ట్యూబు చివర ఎయిర్ స్టోన్ (గాలిని సన్నటి బుడగలుగా చేసే రాయి) తగిలించి వేయండి. లైట్లు ఆపి ఉంచండి. మేత వేయొద్దు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. క్యానిస్టర్ ఫిల్టర్ వాడుతుంటే దాన్ని అలాగే ఆన్ చేయొద్దు. మూసి ఉన్న డబ్బాలో ఏడు గంటలు కదలని నీటిలో ఆక్సిజన్ మొత్తం అయిపోయి ఉంటుంది. ఆన్ చేసిన క్షణంలో ఆ కుళ్లు నీరంతా ట్యాంకులోకి కొడుతుంది. తెరిచి, ఆ నీరు పారబోసి, స్పాంజీని ట్యాంకు నీటిలోనే పిండి అప్పుడు పెట్టండి. తెరవగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలి మీడియాని (నీటిని శుభ్రం చేసే పదార్థాన్ని) కూడా ఇవాళ్టికి పక్కన పెట్టేయడమే నయం. రెండోది, నేల తుడిచి ఆరాక, అన్ని పంపులూ నిజంగా తిరుగుతున్నాయా అని చేత్తో ప్రవాహం తగిలేలా చూడండి. ఏడాదిగా ఆగకుండా తిరిగిన పంపు ఒకసారి ఆగితే, ఇంపెల్లర్‌కి (పంపు లోపల తిరిగే రెక్కలకి) పట్టిన సున్నం వల్ల ఒక్కోసారి మళ్లీ కదలదు. బయటికి హమ్మని శబ్దం వస్తుంది, నీరు రాదు. ప్లగ్ పీకి, ముందు భాగం విప్పి, ఇంపెల్లర్‌ని వేలితో తిప్పితే చాలాసార్లు అందుకుంటుంది. తీరిక దొరికాక తెల్ల వెనిగర్, నీరు సమంగా కలిపి గంటసేపు అందులో నడిపిస్తే సున్నం వదులుతుంది.

కరెంటు ఇంకా రాని వాళ్లు ఇది చదువుతుంటే: స్నానాల మగ్గు శుభ్రంగా, సబ్బు జిడ్డు లేకుండా కడిగి, ట్యాంకు నీరే తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. ప్రతి పావుగంటకీ ఐదు నిమిషాలు. చేతులు పడిపోతాయి, కానీ పనిచేస్తుంది.

గాలి సరిపడా అందాక అరగంటలో చేపల మొప్పలు ఆడే వేగం తగ్గాలి. తగ్గితే జబ్బు ఆక్సిజనే అని తేలినట్టు. తగ్గకపోతే అమ్మోనియా, లేదా వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు. వెల్వెట్ సోకిన చేప లైటుకి మొహం చాటేసి, పవర్‌హెడ్ (నీటిలో మునిగి ఉండే చిన్న పంపు) నీటి ధారకి ఎదురుగా నిలబడి వేగంగా ఊపిరి తీస్తుంది. టార్చిని పక్క నుంచి వేస్తే ఒంటి మీద సన్నటి బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. దానికి మందు రాగి. అదీ విడిగా పెట్టిన హాస్పిటల్ ట్యాంకులోనే. రాగి మెయిన్ ట్యాంకులో పడితే మీ రొయ్యలూ అనెమోనీ పోతాయి, రాళ్లు దాన్ని పీల్చుకుని తర్వాత కూడా వదులుతూనే ఉంటాయి. మీ ట్యాంకులో మాత్రం జబ్బు చేపలది కాదు, రాత్రంతా ఆగిపోయిన నీటిది.

ఇక వేడి. 31.5 నుంచి 27కి గంటలో దించాలని చూడకండి. గంటకి ఒక డిగ్రీ మించకుండా, సాయంత్రానికి 28కి వస్తే చాలు. ఫ్రీజర్‌లో పెట్టిన నీటి సీసాలు మూత బిగించి తేలేయండి. లీటరు సీసా పూర్తిగా కరిగితే 200 లీటర్ల ట్యాంకు సుమారు అర డిగ్రీ చల్లబడుతుంది. కాబట్టి గంటకి ఒకటో రెండో సరిపోతాయి. ఫ్రిజ్‌లోని ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు. అది కుళాయి నీరు, క్లోరినూ పడుతుంది, ఉప్పూ పలచబడుతుంది.

సీసాలు ఇవాళ్టికి. వేసవంతా కాపాడేది టేబుల్ ఫ్యాను. నీటి మీదకి వాలుగా గాలి కొట్టేలా పెట్టండి. లీటరు నీరు ఆవిరైతే మీ ట్యాంకు నుంచి దాదాపు మూడు డిగ్రీల వేడి వెళ్లిపోతుంది. గది నుంచి మళ్లీ వేడి వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి మీకు కనబడే తేడా అంతకంటే తక్కువ. హైదరాబాద్‌లో మే నెల పొడిగాలికి ఫ్యాను అద్భుతంగా పనిచేస్తుంది. మీ విజయవాడ ఉక్కపోతలో సగమే. విశాఖ వాళ్లకి ఇంకా తక్కువ, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీయో తప్పదు. ఫ్యాను పెట్టిన రోజుల్లో మూడు లీటర్ల చొప్పున ఆవిరై, మీరు నాలుగు రోజులు పట్టించుకోకపోతే 35 పీపీటీ కాస్తా 37 దాటుతుంది. ఆవిరైన దానికి బదులు ఎప్పుడూ మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీరే పోయింది.

ఈ మాట మీకు ఇవాళ ఇంకో రకంగా పట్టింపు. సంప్ పొంగింది అన్నారు. పంపు ఆగగానే, సంప్ నీటిని పైకి పంపే రిటర్న్ పైపు వెనక్కి సైఫన్ లాగి ట్యాంకు నీటిని కిందికి దించింది, సంప్‌లో చోటు చాలక నేల మీద పడింది. నేల మీద పడింది ఉప్పునీరు. ఇప్పుడు పంపు తిరుగుతుంటే సంప్‌లో మట్టం తక్కువ కనిపిస్తుంది, ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తనే నింపే పరికరం) ఫ్లోట్ దాన్ని చూసి మంచినీరు నింపేస్తుంది. ఎనిమిది లీటర్లు అలా పోయి ఉంటే 35 పీపీటీ నుంచి 33.6కి పడిపోతుంది. అది చంపేంత కాదు గానీ, ఇప్పటికే నీరసపడిన రొయ్యలకి ఇంకో దెబ్బ. మెయిన్ ఆపి, టాప్ ఆఫ్ ప్లగ్ ఇప్పుడే పీకేయండి. ఉప్పు కొలిచి, లోటుని ఉప్పునీటితోనే నింపాక మళ్లీ పెట్టండి. తర్వాత నెమ్మదిగా రిటర్న్ నాజిల్ మీద, నీటి మట్టానికి అర అంగుళం కింద చిన్న రంధ్రం చేసుకోండి. మట్టం అక్కడికి దిగగానే గాలి లాగి సైఫన్ తెగిపోతుంది. నాచు పట్టి ఆ రంధ్రం మూసుకుపోతుంటుంది, వారానికోసారి టూత్‌పిక్‌తో పొడవాలి. నీటిని వెనక్కి రానీయని చెక్ వాల్వ్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటామనేవాళ్లు ఉంటారు, అందులో ఒక నత్త ఇరుక్కుంటే దాని పని అయిపోయినట్టే.

అమ్మోనియాకి వద్దాం. ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. రాళ్ల వెనక, పంపు జాలీ దగ్గర, రొయ్యలు దాక్కునే మూలల్లో టార్చి వేయండి. చచ్చిన నత్త ఒక్కటి చాలు. అనెమోనిని ప్రత్యేకంగా చూడండి: నోరు బార్లా తెరుచుకుని, కాలు దేన్నీ పట్టుకోకుండా, తాకితే జారిపోయే జెల్లీలా ఉండి, బయటికి తీస్తే ముక్కు పగిలే కంపు కొడితే అది చచ్చినట్టే. వెంటనే తీసేయండి. కరెంటు లేక ముడుచుకుని, రంగు నిలబడి, రాయిని పట్టుకునే ఉంటే వదిలేయండి, రేపటికి విచ్చుకుంటుంది. నీరు తెల్లబడటం చూస్తే ఏదో ఒకటి చచ్చి కుళ్లుతోందనే నా అనుమానం.

పీహెచ్ బఫర్ ఎందుకు వద్దన్నానంటే: అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, చేపని చంపేది అందులో ఒకటే. ఉప్పునీటిలో పీహెచ్ 7.2 దగ్గరున్నప్పటి కంటే 8.2 దగ్గర ఆ విషపు భాగం దాదాపు పది రెట్లు. రాత్రి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మీ పీహెచ్ 7.8కి తగ్గింది, అదే ఇప్పుడు చేపల్ని కొంత కాపాడుతోంది. గాలి కొడితే పీహెచ్ తనంతట తనే పైకి వస్తుంది. అందుకే గాలితో పాటే అమ్మోనియానీ తగ్గించాలి. బఫర్ వేసి పీహెచ్‌ని ఒక్కసారి ఎత్తితే 0.5 అమ్మోనియా కాస్తా చేపలకి గొంతు మీద కత్తి.

ఇవాళ 60 లీటర్లు మార్చండి, రేపు అమ్మోనియా చూసి అవసరమైతే ఇంకో 60. సరిగ్గా కలిపిన నీరు డ్రమ్ములో సిద్ధంగా ఉంటే సగం మార్చినా తప్పు లేదు. కంగారులో కలిపిన నీరే చంపుతుంది. మంచి బ్యాక్టీరియా రాళ్ల మీదా ఇసుకలోనూ ఉంటుంది, నీటిలో కాదు. నీరు మారిస్తే అది పోదు. రాళ్లు తీసి కుళాయి కింద కడిగితే మాత్రం పోతుంది. ఆ పని చేయొద్దు.

నీరు కలపడం: మూడు 20 లీటర్ల క్యాన్లు. ఇంటి ఆర్‌ఓ నీరు వాడొచ్చు గానీ, వాటిలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. అది రుచి కోసం శుద్ధి కాని నీటిని మళ్లీ కొంత కలుపుతుంది. ఈ ఒక్క రోజుకి ఫర్వాలేదు, అలవాటు చేసుకుంటే నాచు పెరిగిపోతుంది. బోరు నీరు వద్దు. కుళాయి నీరే గతి అయితే క్లోరిన్ విరగ్గొట్టాలి, ప్రైమ్ లాంటి క్లోరిన్ తీసే మందు 200 లీటర్లకి 5 మిల్లీలీటర్ల లెక్కన. అది అమ్మోనియాని కూడా కట్టేస్తుందని సీసా మీద ఉంటుంది. ఆ సంగతి మీద పెంపకందారుల్లో వాదనలున్నాయి. దాన్ని నీటి మార్పుకి బదులుగా లెక్కేయకండి. ముందు నీరు, ఆ తర్వాతే ఉప్పు. ఉప్పు పోసి దాని మీద నీరు పోస్తే కాల్షియం తెల్లటి ముద్దగా విడిపోయి మళ్లీ కరగదు. మెరైన్ సాల్ట్ లీటరుకి సుమారు 37 గ్రాములు, అంటే క్యానుకి 740 గ్రాములు. మొదట 650 వేసి, పవర్‌హెడ్‌తో గంటసేపు తిప్పి, కొలిచి, మిగతాది చూసుకుంటూ వేయండి. 25 డిగ్రీల దగ్గర 35 పీపీటీ అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోలిస్తే ఎంత బరువో) 1.026. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ అయితే ముల్లుకి అంటుకున్న గాలి బుడగల్ని తట్టి వదిలించండి, అవి ముల్లుని పైకెత్తి లేని ఉప్పుని చూపిస్తాయి. నీరు గాజులా తేటబడి, ట్యాంకుతో ఉష్ణోగ్రత కలిశాక, సన్నటి ఎయిర్ ట్యూబుతో ముప్పావుగంట పట్టేలా వదలండి. వంటింటి ఉప్పు గురించి అడగకండి. అందులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే, కాల్షియం మెగ్నీషియం లేవు.

బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకోవచ్చా అని మీ పక్కింటాయన సలహా ఇచ్చారన్నారు. వద్దు. తీరం అంచున మురుగు కాల్వల కలగలుపు ఒకటి, వానాకాలంలో గోదావరి, కృష్ణ వరద నీరు కలిసి బంగాళాఖాతం తీరంలో ఉప్పు బాగా పడిపోవడం ఇంకొకటి. తెచ్చిన నీటి ఉప్పు ఎంతో కొలవకుండా పోస్తే ఎమర్జెన్సీ మీద ఎమర్జెన్సీ.

నీరు మార్చాక 200 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ కడిగి, జాలీ సంచిలో వేసి నీరు పారే చోట పెట్టండి. అనెమోని చచ్చి ఉంటే ఇది తప్పనిసరి.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి మనుషుల ప్రమాదం గురించీ చెప్పాలి. నేల తడిగా ఉండగా సంప్ దగ్గర చేయి పెట్టొద్దు. నీరు చేతికి తగిలినప్పుడు జివ్వుమంటే హీటరో పంపో లోపల పగిలినట్టు. ముందు మెయిన్ ఆపండి, తర్వాతే ప్లగ్గులు. ట్యాంకు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనుని ఆపేసే స్విచ్) ఉండాలి. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు కూడా ఆ రక్షణ పనిచేస్తుందా అని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి, చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను దాన్ని దాటేసి వస్తుంది. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే, వైరు వెంబడి జారిన నీరు నేల మీద చుక్కలుగా పడుతుంది, సాకెట్లోకి పోదు. మే నెలలో హీటర్ ప్లగ్ పీకి పక్కన పెట్టండి. మన దగ్గర దాని అవసరం డిసెంబర్, జనవరి రాత్రుల్లో మాత్రమే. లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోతే ఆగకుండా కాగుతూనే ఉంటుంది, అందుకే చలికాలంలోనూ బయట వేరే టెంపరేచర్ కంట్రోలర్ మీదుగానే నడపాలి.

బటన్ పాలిప్స్ అని అమ్మే కోరల్స్ మీ దగ్గర ఉంటే, ఆ రాయిని వేడినీటితో గానీ బ్రష్‌తో గానీ బయట శుభ్రం చేయొద్దు. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రాయి ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. నోట్లో చేదు లోహపు రుచి, ఊపిరాడకపోవడం, కండరాల నొప్పి మొదలైతే కిటికీలు తెరిచి బయటికి వచ్చి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, డాక్టరుకి ‘పాలీటాక్సిన్’ అని పేరు పెట్టి చెప్పండి. విషపు ముళ్లుండే లయన్‌ఫిష్ మీ దగ్గర ఉండి, దాని ముల్లు గుచ్చుకుంటే, చేయి తట్టుకోగల వేడినీటిలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచి తర్వాత డాక్టరు దగ్గరికి.

గాలి పంపు దగ్గర మస్కిటో లిక్విడ్ పెట్టే ఇళ్లు ఎన్నో. వాటిలోని పైరెత్రాయిడ్ మందు మనుషుల సంగతి ఎలా ఉన్నా, చేపలకీ రొయ్యలకీ ఘోరమైన విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి నెడుతుంది. బొద్దింకల స్ప్రేకీ అంతే. వీధిలోకి మున్సిపాలిటీ ఫాగింగ్ బండి వచ్చిన శబ్దం వినగానే కిటికీలు మూసి, ఎయిర్ పంపునీ స్కిమ్మర్‌నీ అరగంట ఆపండి, వేవ్‌మేకర్ మాత్రం తిరగనివ్వండి.

ఇక మళ్లీ ఇలాంటి రాత్రికి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, ఇది ఎందుకు జరిగిందో నాకు అర్థం కాలేదు. ట్యాంకు మొత్తాన్ని దాని మీద పెట్టక్కర్లేదు. 10 వాట్ల వేవ్‌మేకర్, 5 వాట్ల ఎయిర్ పంపు చాలు. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే 70 వాట్లు లాగుతుంది, ట్యాంకు ప్రాణం దానిలో అయిదో వంతు. 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడినా 900 వాట్ అవర్లు. మీ ఇంటి ఫ్యాన్లు ఆపుకుంటే ఈ రెండూ రెండు రోజులు తిరుగుతాయి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే మామూలు ఏసీ పంపులు దాని మీద గుంయ్‌మంటూ వేడెక్కుతాయి. ప్యూర్ సైన్ వేవ్ అయి ఉండాలి, లేదా డీసీ పంపు వాడాలి.

ఇన్వర్టర్ లేనివాళ్లకి యూఎస్‌బీ ఎయిర్ పంపు, పవర్ బ్యాంకు చవకైన దారి. 10,000 ఎంఏహెచ్‌ది ఒకటిన్నర వాట్ల పంపుని దాదాపు ఒక రాత్రీ పగలూ నడిపేస్తుంది. కానీ ఒక చిక్కు: పంపు లాగే కరెంటు మరీ తక్కువైతే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని పవర్ బ్యాంకు దానంతటదే ఆగిపోతుంది. కొన్నాక ఒక పూట బకెట్లో నడిపి చూడకుండా దాన్ని నమ్ముకుని పడుకోవద్దు. ఎయిర్ ట్యూబుకి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి, లేకపోతే ఆగిన పంపులోంచి ట్యాంకు నీరు వెనక్కి కారి కిందికి వస్తుంది.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో కొన్ని పేటలకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చాలదు. కారు 12 వోల్టుల సాకెట్‌కి పెట్టే చిన్న ఇన్వర్టర్ ఒకటి దగ్గరుంచుకోండి. కారు బయట ఆరుబయట ఉండాలి, మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు. నలభై లీటర్లు కలిపిన ఉప్పునీరు మూత డ్రమ్ములో ఎప్పుడూ ఉంచండి, వారాల తరబడి చెడదు.

ఇవాళ్టి మిగతా పని: మధ్యాహ్నం, రాత్రి పడుకునేముందు అమ్మోనియా చూడండి. 0.25 దగ్గర పసుపులో లేత ఆకుపచ్చ కనిపిస్తే గాబరా పడకండి, ఆ కిట్లు ఆ అంచున తరచూ తప్పుగా చూపిస్తాయి. పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూడండి. రేపు టాంగ్ గోడ వెంబడి మామూలుగా ఈదుతుంటే, అమ్మోనియా సున్నా దగ్గర రెండు రోజులు నిలబడితే, మూడో రోజు చిటికెడు మేత వేయండి. అది రెండు నిమిషాల్లో తినేస్తేనే నాలుగో రోజు లైట్లు, అదీ మొదటి రెండు రోజులు నాలుగేసి గంటలే.